అడ్డపొగ

మా నూకరత్నం మామ్మ
చుట్ట వెలిగించి, వెలిగిన కొసనే నోట్లో పెట్టుకునేది.
పెద్ద జాలరిపేటలో ఆ వయసు ఆడవాళ్ళు చాలామంది అంతే.
గాలికి ఆరదు, బూడిద చేపల మీద రాలదు,
రెండు చేతులూ తట్టకి మిగులుతాయి.
దూరం నుంచి చూస్తే
ఏదో మాట మింగేసి కూర్చున్నట్టుండేది.

నాది అంతకన్నా శుభ్రం అనుకున్నాను.
లిప్‌స్టిక్ అంత గొట్టం, మామిడి ఐస్,
పీలిస్తే చివర నీలం లైటు.
సిరిపురంలో సెల్‌ఫోన్ కవర్ల కొట్టువాడు
గల్లాపెట్టె కింద నుంచి తీసి
కవరు ధర చెప్పినంత మామూలుగా ధర చెప్పాడు.
రుషికొండ ఆఫీసు, నైట్ షిఫ్టు,
మూడో అంతస్తు బాత్రూం,
ఫ్లష్ చప్పుడు చాటున రెండు దమ్ములు.

ఎందుకు మొదలెట్టానో ఎవరికీ చెప్పలేదు.
లిఫ్టులో ఒకమ్మాయి ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది.
అంతే. ఏమీ అనలేదు.
మా డాబా మీద నెత్తళ్ళు ఎండుతాయి,
పక్క తాడు మీద నా బట్టలూ ఎండుతాయి.
మర్నాటి వారం మామిడిపండు వాసన కప్పుకుని
అదే లిఫ్టు ఎక్కాను.

మూడేళ్ళు.

మామ్మకి అంగిట్లో తెల్లమచ్చ తేలింది.
కేజీహెచ్‌లో కుర్ర డాక్టరు టార్చి వేసి చూసి
మానెయ్యాలమ్మా అన్నాడు. తలూపింది.
ఆ రాత్రి మందుల చీటీ కోసం నా బ్యాగు వెతికి
గొట్టం పట్టుకుని వచ్చింది.
"ఏటే గుంటా ఇది?"
చెప్పాను.
అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత
అరవయ్యేళ్ళ అలవాటు కొద్దీ
తిరగేసి నోట్లో పెట్టుకుంది.

ముందు ఇద్దరం నవ్వాం, అబద్ధమెందుకు.
"నిప్పేదే?"
లేదు మామ్మా, ఇది కాలదు.
"సుట్టయితే కాలి కాలి అయిపోద్ది.
కాలందానికి సాలు అని నీకు ఎవులు సెప్తారే?"

సముద్రంలో పారేస్తానన్నాను.
"ఒద్దు. ఎవుడి వలకో తగుల్తాది."
బోర్న్‌విటా డబ్బాలో నా గొట్టం, దాని చుట్టల కట్ట.
మూతకి వల దారం చుట్టి ముడేసింది.
ఆ ముడి విప్పడం నాకు రాదు.

మూడో రోజు మద్దిలపాలెంలో
ఆటోవాడు ఐదు రూపాయల చిల్లర లేదన్నాడని
రోడ్డు మీద నిలబడి ఏడ్చాను.
నిద్రలో నా వేళ్ళు దుప్పటి అంచుని గొట్టంలా చుట్టేవి.
పగలంతా ఎదురెదురుగా కూర్చుని
ఎండు ఉసిరి ముక్కలు నమిలేవాళ్ళం,
గొడవపడ్డ రెండు మేకల్లా.
పదకొండో రోజు కత్తెరతో దారం కోశాను.
మామ్మ తిట్టలేదు. కొత్త దారం తెచ్చింది.

రాత్రుళ్ళు డాబా మీద,
డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ వెలుగు
మా వైపు వచ్చి, చూసి, వెళ్ళిపోయేది.
"కెరటం వొచ్చినప్పుడు ఎదురు నిలబడకు,
తలొంచు. మీంచి ఎల్లిపోద్ది."
ఒంచాను. కొన్ని వెళ్ళాయి.
కొన్ని నన్ను ఇసకలోకి ఈడ్చి మరీ వెళ్ళాయి.

ఆ డబ్బా ఇప్పటికి మూడుసార్లు కట్టాం.
ఒకసారి కోసింది నేను కాదు.

నిన్న లిఫ్టులో నా కాలరు నుంచి
నెత్తళ్ళ వాసన నాకే వచ్చింది.
ఆ చున్నీ అమ్మాయి ఉద్యోగం మానేసి ఏడాదయింది.
ఇన్నాళ్ళూ ఎవరి ముక్కుకి భయపడ్డాను?
మూడో అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి.
ఎవరో దిగారు.
తలుపులు మూసుకోడానికి చాలాసేపు పట్టింది.

పొద్దున్న ఇంటికొస్తే మామ్మ గుమ్మంలోనే ఉంది.
ముందు డబ్బా వైపు చూశాను, తనూ చూసింది.
"నోరు తెరు" అంది, వాసన పట్టడానికి.
తర్వాత తను తెరిచింది.
ఎండకి ఎదురుగా గడ్డం పట్టుకుని పైకెత్తి
అంగిట్లోకి చూశాను.
మచ్చ ఉంది.
పెరగలేదనే చెప్పాను.